బుర్రావారి బుజ్జిసంత

"ఊళ్ళో అందరికీ బుర్ర తలలో ఉంటుంది, మాకు ఇంటిపేరులోనే ఉంది" అని బుర్రా గవర్రాజు ఎప్పుడూ మీసం దువ్వేవాడు. నిజమే మరి. తలలో ఉన్నది వాడితే అరుగుతుంది, ఇంటిపేరులో ఉన్నదానికి ఆ భయం లేదు. తమ్ముడు పాపారాయుడు, మరదలు హైమావతి కూడా తమ బుర్రని అంతే భద్రంగా దాచుకున్నారు.

తెల్లారితే పాపారాయుడి కొడుక్కి బారసాల. చుట్టాలందరి ముందూ పిల్లాణ్ణి ఉయ్యాల్లో వెయ్యాలి. తీరా అటక మీంచి దింపి చూస్తే, ఇంట్లో ఉయ్యాలని చెదలు తినేశాయి.

"ఉయ్యాల లేని బారసాలేమిటండీ బావగారూ? మా పుట్టింటివాళ్ళ ముందు నా తల కొట్టేసినట్టుంటుంది!" అంది హైమావతి.

"నీ తలకి నాది పూచీ," అన్నాడు గవర్రాజు. "మావాడు వాడి వదిలేసిన నడకబండి ఉందిగా. అదిచ్చి ఎవరిదగ్గరైనా పాత ఉయ్యాల పుచ్చుకుందాం. పిల్లల పాత సామాన్లు మార్చుకోవడానికి ఓ యాప్ తయారుచేస్తా. పేరు బుజ్జిసంత!"

ఎదురింటి సుకన్యది యాప్‌లు డిజైన్ చేసే ఉద్యోగం. ఊరెళ్ళే బస్సు కోసం పరుగెడుతూనే ఆ అమ్మాయి సలహా చెప్పింది. "ముందు బొమ్మలు బాగుండాలి అన్నయ్యగారూ. చూసేవాళ్ళకి వస్తువు కళ్ళకు కట్టినట్టుండాలి."

అంతే. గవర్రాజు తువ్వాలు మీద బొగ్గుతో నడకబండి గీశాడు. కూరలబండి తోసుకొస్తున్న సింహాద్రిని ఆపి, కళ్ళకు గట్టిగా కట్టేశాడు.

"కనబడిందా?"

"ఏం కనబడ్డంలేదు బాబోయ్!"

"గీత సన్నగా పడిందిరా తమ్ముడూ," అని పైన ఇంకో తువ్వాలు బిగించాడు. ఇంకేముంది, సింహాద్రి బండితో సహా మురిక్కాలవలో దిగాడు. వంకాయలు ఈదుకుంటూ పక్కవీధికి పోయాయి.

గవర్రాజు సుకన్యకి ఫోన్ కొట్టాడు. "అమ్మా, కట్టాం. కూరలు మునిగాయి, ఉయ్యాల రాలేదు."

బస్సు మోతలో ఆమెకి సగమే వినబడింది. "అప్పుడే ఎలా వస్తుందండీ? ముందు పేరు జనం నోళ్ళలో నానాలి!"

అంతే. చీటీల మీద 'బుజ్జిసంత' అని రాసి సిద్ధమయ్యారు. ముహూర్తం చెప్పడానికొచ్చిన పంతులుగారు "రేపు ఉదయం..." అని నోరు తెరిచారో లేదో, పాపారాయుడు అందులో ఓ చీటీ పెట్టేశాడు. "నమలకండి పంతులుగారూ, నానాలి."

"ఊ! ఊ!" అన్నారాయన.

హైమావతి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "పట్టండి బావగారూ. మినుములైనా నీళ్ళు పోస్తేగాని నానవు." పోశారు. గుటుక్కుమంటూ చీటీ లోపలికి పోయింది.

"అయ్యయ్యో! యాప్ పంతులుగారి కడుపులో ఓపెనయిందిరా!" అని నెత్తి బాదుకున్నాడు గవర్రాజు. మళ్ళీ ఫోన్.

"పేరు ఊరంతా పాకితే ఉయ్యాల అదే వస్తుందండీ!" అని విసుక్కుంది సుకన్య.

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ పేరు రాసిన అట్టలు వీపుకి కట్టుకుని బజార్లో పాకడం మొదలెట్టారు. ముందు అన్న, వెనక తమ్ముడు, ఆ వెనక ఎవరిదో దూడ, దాని వెనక హారన్ కొడుతూ బస్సు. కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం పారేసుకున్నారయ్యా?"

"ఏమీ పోలేదండీ. పేరు పాకుతోంది."

"పాకుతున్నది మీరు కదయ్యా!"

"దానికి మోకాళ్ళు లేవు కదండీ పాపం, అందుకని మోస్తున్నాం."

కుట్టుమిషన్ ముందు కూర్చున్న లీలావతికి నవ్వాగలేదు. సంగతంతా కనుక్కుని, ఫోన్ నంబరు రాసుకుంది. "మా పాప అడుగులేస్తోంది, ఉయ్యాల ఖాళీగానే ఉంది. నడకబండికి బదులు ఇచ్చేస్తాను. ఇవాళ ఫోటో పంపుతా చూసుకోండి, రేపు పొద్దున తెచ్చి ఫోన్ చేస్తా," అంది.

సాయంత్రానికి గవర్రాజు ఫోన్లో ఫోటో దిగింది. "ఉయ్యాల వచ్చేసింది! ఎంత పొందిగ్గా పంపిందిరా, అంత ఉయ్యాలా జేబులో పట్టేసింది!" అని ఇల్లంతా గంతులు.

తెల్లారింది. పేరంటాళ్ళు వచ్చారు, హైమావతి పుట్టింటివాళ్ళు వచ్చారు. పిల్లాడు ఉలిక్కిపడతాడని ఫోన్ మోత ఆపేసి, పరుపు మీద పెట్టి, ఆ ఫోన్ మీదే వాణ్ణి పడుకోబెట్టారు. వాడు కెవ్వుమన్నాడు.

"ఊగడంలేదు బావగారూ!" అంది హైమావతి, కళ్ళనిండా నీళ్ళతో. పుట్టింటివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పూచీ పడ్డ గవర్రాజుకి ముచ్చెమటలు పోశాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ వణికింది. బుర్ర్... బుర్ర్...

"ఊగుతోందర్రా!" పిల్లాడు ఏడుపు మాని నోట్లో వేలేసుకున్నాడు. పేరంటాళ్ళు లాలిపాట అందుకున్నారు. హైమావతి తల ఎత్తుకుని పుట్టింటివాళ్ళ వంక చూసింది.

"ఎవరో ఫోన్ చేస్తున్నారు, ఎత్తండయ్యా!" అన్నారు పంతులుగారు.

"ఎలా ఎత్తుతామండీ? పిల్లాడికి ఇప్పుడే కునుకు పట్టింది!"

ఇంతలో గుమ్మంలో ఆటో ఆగింది. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని లీలావతి దిగింది. వెనక సీట్లో నగిషీల కర్ర ఉయ్యాల. "ఎంతసేపటినుంచి చేస్తున్నానండీ, ఇల్లు దొరక్క!" అంటూ ఆమె ఫోన్ ఆపేసింది.

పిల్లాడు మళ్ళీ కెవ్వుమన్నాడు.

గవర్రాజు రెండు చేతులూ జోడించి ఎదురు పరుగెత్తాడు. "ఎంత పనిచేశావు తల్లీ, ఊపడం ఆపేశావేం? ఇదిగో నీ నడకబండి. ఆ కట్టెలన్నీ మాకెందుకమ్మా, అవీ పట్టుకుపో. తొందరగా ఇంటికెళ్ళి ఊపుతూ కూర్చో. పిల్లాడు లేచాక మేమే కబురు చేస్తాం, అప్పుడు ఆపుదువుగాని!"