పసుపయ్య విప్పేసిన గూళ్లు

అనగనగా ముళ్లచెట్లే ఎక్కువగా ఉన్న ఒక అడవిలో, వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు ఉండేది. దాని కొమ్మకి పసుపయ్య అనే గిజిగాడు గూడు అల్లుతున్నాడు. అల్లికలో అతన్ని మించినవాడు లేడు. కోపంలోనూ లేడనుకోండి!

అతని జంట తేనమ్మ. గూట్లో పరచడానికి మెత్తటి రెల్లు దూది తేవడం ఆమె పని. ఒకరోజు ఆమె రావడం ఆలస్యమైంది. పసుపయ్యకి భయం పట్టుకుంది.

"నన్నొదిలేసి పోయింది!" అనుకున్నాడు. అంతే, అల్లిన గూడంతా పోచపోచా లాగేశాడు. తేనమ్మ వచ్చి నోరెళ్లబెట్టింది.

"ఇదేంటయ్యా?"

"నీకు గూడొక్కటే తక్కువ! పో!" అని అరిచాడు. ఆమె రెక్క విప్పగానే, "వెళ్లకే తేనమ్మా, నువ్వు లేకపోతే నేను బతకలేను" అని కాళ్లావేళ్లా పడ్డాడు. ఇందులో ఏది నిజమో ఆమెకి తెలియలేదు. పాపం, అతనికీ తెలియలేదు.

రెండో గూడూ అలాగే విప్పేశాడు, పోచలన్నీ వాగు పాలయ్యాయి. తేనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. మూడోదీ విప్పావంటే నేను వేరే చెట్టు చూసుకుంటాను" అంది.

పసుపయ్యకి ఏమీ పాలుపోలేదు. వాగులో ఉండే ముసలి తాబేలు తాత దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

"తాతా, ఆమె మంచిదా, చెడ్డదా? పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా కనిపిస్తుందేం?"

"అది తర్వాత. ఆమె రానప్పుడు నువ్వు చూసిందేంటి? అనుకున్నదేంటి?"

"రెండూ ఒకటే కదా!"

"ఒకటో కాదో చూద్దాం, రోజూ రా. భయం పుట్టగానే గూటి మీద ముక్కు పెట్టకు. పక్క కొమ్మ మీదికెళ్లి ఉత్త గడ్డిపోచకి ముడులెయ్యి, విప్పుకో" అన్నాడు తాబేలు తాత.

పసుపయ్య రోజూ వెళ్లాడు. చాలా రోజులు ఏమీ అర్థంకాలేదు. ఒకరోజు తాత మీదే మండిపడ్డాడు. "నీక్కూడా నేనంటే విసుగే!"

తాత కోప్పడలేదు, అక్కణ్ణించి కదల్లేదు. "విసుగని నేనన్నానా, నువ్వనుకున్నావా?" అన్నాడు. పసుపయ్య తల గోక్కున్నాడు.

మూడో గూడు పూర్తి కావచ్చింది. తేనమ్మ మళ్లీ ఆలస్యం చేసింది. పసుపయ్యకి మళ్లీ అదే భయం పట్టుకుంది. గూటి పోచ ఒకటి లాగేశాడు కూడా! అక్కడ ఆగాడు. పక్క కొమ్మ మీదికి ఎగిరి, ఒక గడ్డిపోచ పట్టుకున్నాడు. తను చూసినది, ఆమె ఇంకా రాలేదని. తను అనుకున్నది, ఆమె వదిలేసిందని. ఏది నమ్మాలో తెలియలేదు. భయమూ తగ్గలేదు. ముడులు వేస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

చివరికి తేనమ్మ వచ్చింది.

"నువ్వు రాకపోతే భయమేసిందే. ఒక పోచ లాగేశాను. ఎక్కడికెళ్లావో చెప్పవూ?" అన్నాడు.

"డేగ తిరుగుతుంటే పొదలో దాక్కున్నానయ్యా. ఈ మాట ముందే అడిగుంటే ఎంత బావుండేది!" అంది తేనమ్మ. ఆమెకి కోపం పూర్తిగా పోలేదు. కానీ వెళ్లిపోలేదు. గూట్లోకి దూరి దూది పరిచింది.

మర్నాడు పసుపయ్య తాతని అడిగాడు. "ఈ భయం ఇంక రాదా?"

"వస్తుంది."

"మరెలా?"

"వచ్చినప్పుడల్లా ఆమెనే అడుగు."

పసుపయ్యకి సగమే అర్థమైంది. ఆ సగంతోనే గూటికి వచ్చాడు. లోపల తేనమ్మ, ఆమె కింద మొదటి గుడ్డు.

నీతి: భయంలో ఊహించుకున్నదాన్ని నిజమని నమ్మి మనవాళ్లని దూరం చేసుకోకూడదు. కాసేపు ఆగి, వాళ్లనే అడగాలి.