ఇనుము మీద బొట్టు

కనకమహాలక్ష్మికి నాలుగేళ్ళుగా ఒకటే బాధ. చూసేది తను, సంతకం ఇంకొకరిది.

ఆమె చూసేది లారీల వెనక ఉండే టెయిల్ లిఫ్టుల్ని. లిఫ్టు అంటే పెద్ద ఇనప పలక, దాన్ని మోసే రెండు ఇనప చేతులు. బటన్ నొక్కితే పలక నేల మీదికి దిగుతుంది. దాని మీద సరుకు పెట్టి, పక్కన మనిషి నిలబడితే రెంటినీ ఎత్తి లారీలోకి అందిస్తుంది. ఏడాదికోసారి దాన్ని పైనుంచి కింద దాకా చూసి, బావుందని అర్హత ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే గాజువాకలో ఏ ట్రాన్స్‌పోర్టు వాళ్ళూ లిఫ్టు బండిని గేటు దాటించరు.

ఆ అర్హత సన్యాసిరావు గారిది. ముప్ఫై ఏళ్ళు రేవులో క్రేన్ల దగ్గర పని చేసొచ్చిన మనిషి. పేరులో తప్ప ఆయన దగ్గర సన్యాసం ఏమీ లేదు. గంటకో టీ, టీకి రెండు బిస్కట్లు పడాల్సిందే. డిప్లొమా చేతపట్టుకుని వచ్చిన కనకాన్ని నాలుగేళ్ళు లారీల కింద దొర్లించారు. ఒక్కనాడూ పని బావుందని అనలేదు. బాగాలేదనీ అనలేదు. కనకానికి ఒళ్ళు మండేది అందుకే.

ఈ దసరా ముందు ఆయన అర్హత గడువు తీరింది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోలేదు. కనకం పరీక్ష రాసి నెగ్గింది, ఆమె పేరు మీద కాగితం వచ్చింది. వాళ్ళమ్మ ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పి, చెప్పినవాళ్ళకే ఇంకోసారి చెప్పింది.

పండగ వెళ్ళిన మూడోనాడు ట్రాన్స్‌పోర్టు ఓనరు వరహాలు గారి యార్డులో పదకొండు లారీలు చూడాలి. తొలి సంతకం. కనకం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి కొత్త పెన్ను పెట్టుకుని వెళ్ళింది. సన్యాసిరావు గారు కూడా వచ్చారు గానీ, వస్తూనే నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని టీ చెప్పారు.

ఆయుధపూజ కళ ఇంకా పోలేదు. కడిగిన లారీలు తళతళలాడుతున్నాయి. ప్రతి బండికీ ముందు నిమ్మకాయలు, పక్కన వాడిన అరటి పిలకలు. వెనక లిఫ్టు చేతులు పలకకి అతికే చోట అరచేతి వెడల్పున పసుపు, పసుపు మీద దట్టంగా కుంకుమ.

"నా బళ్ళకి వంక పెట్టలేరండీ. ఏడేళ్ళయింది, ఒక్క చిన్న దెబ్బ లేదు" అన్నారు వరహాలు గారు, మీసం సవరించుకుంటూ.

కనకం పని మొదలెట్టింది. నూనె గొట్టాలు తడిమింది. పిన్నులు కదిపి చూసింది. ఒక బండికి గొట్టం మార్పించింది, ఇంకోదానికి స్విచ్చి బాగుచేయించింది. ఇసుక బస్తాలు వెయ్యి కిలోలు పెట్టి పదకొండు లిఫ్టుల్నీ ఎత్తించి దింపించింది. ఒక్కటీ వణకలేదు.

తొమ్మిదో బండి దగ్గర మాత్రం ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ బండి డ్రైవరు ఎర్నాయుడి భార్య గున్నమ్మ. మొగుడికి క్యారేజీ తెచ్చి అక్కడే ఉండిపోయింది.

"ఆ బొట్టు ముట్టకు తల్లీ. పదకొండు బళ్ళకీ నా సేత్తో ఎట్టినాను."

కనకం చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో, లేదండీ. అసలు ఏ బండిదీ ముట్టుకోలేదు."

"సదూకున్న పిల్లవైనా మరేద తెలుసు నీకు" అంది గున్నమ్మ.

కనకానికి ఆ మాట తియ్యగా తగిలింది. పనికి పని చేసింది, ఎవరి మనసూ నొప్పించలేదు. ఇంతకంటే బాగా సన్యాసిరావు మేష్టారు మాత్రం ఏం చేస్తారు?

పన్నెండయ్యేసరికి కాగితాలు పదకొండూ బల్ల మీద పరిచి పెన్ను మూత తీసింది.

"అయిపోయిందండీ మేష్టారూ."

"అన్నీ చూసేవా?" అన్నారాయన బిస్కట్టు టీలో ముంచుతూ.

"చూశానండీ."

"అన్నీనా?"

"అన్నీనండీ" అంది కనకం. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

సన్యాసిరావు గారు గ్లాసు కింద పెట్టారు. ఒక పాతగుడ్డ అడిగి తీసుకుని మొదటి లారీ వెనక్కి నడిచారు. చెప్పులు విప్పారు. లిఫ్టుకి దణ్ణం పెట్టారు. ఉంగరపు వేలితో ఆ కుంకుమ కాస్త తీసి తన నుదుట పెట్టుకున్నారు. తర్వాత గుడ్డతో పసుపూ కుంకుమా శుభ్రంగా తుడిచేసి, వంగి వెల్డింగు చూశారు.

ఏమీ లేదు. రెండో చేతికీ అలాగే చేశారు. అక్కడా ఏమీ లేదు. రెండో లారీ దగ్గరికి వెళ్ళారు.

కనకం వెనకాలే పరిగెత్తింది. "అనుమానం ఏమైనా ఉందాండీ?"

"లేదమ్మా."

"మరెందుకండీ?"

"చూళ్ళేదు కదా."

కనకం మొహం ఎర్రబడింది. బస్తాలెత్తే కలాసీలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. నాలుగో బండి దాటేసరికి మేష్టారి నుదురు జాతరలో ఘటం ఎత్తినవాడి నుదురులా అయింది. ఒకడు కిసుక్కుమన్నాడు. వరహాలు గారు అసహనంగా గడియారం చూసుకున్నారు. గున్నమ్మ అయితే ఊరుకోలేదు.

"సుబమా అని ఎట్టిన బొట్టు తుడిసేత్తన్నారేటి బావూ! మంగలారం పూట!"

ఆయన ఐదో బండి దగ్గరికి నడిచారు. ఎనిమిది బళ్ళు, పదహారు బొట్లు తుడిచారు. పదహారు చోట్లా ఇనుము నిక్షేపంలా ఉంది. ఒక్కో చోటు దాటుతున్నకొద్దీ కనకం మెడ నిటారుగా లేచింది. చూసుకోండి, నేను చెప్పలేదా అన్నట్టు వరహాలు గారి వైపు చూసింది.

తొమ్మిదో బండికి గున్నమ్మ అడ్డంగా నిలబడింది. "మా బండికి వద్దు బావూ. మా ఆయన రోజుకి నలభైసార్లు దీని మీదెక్కి నిల్సుంటాడు. ఆయన సల్లగుండాలనే ఎట్టినాను. అమ్మా, నువ్వయినా సెప్పు!"

"బొట్టు తుడవకూడదు కదండీ మేష్టారూ" అంది కనకం.

సన్యాసిరావు గారు గుడ్డ ఆమె చేతికిచ్చారు. "సంతకం నీది. నీ ఇష్టం."

బొట్టు తుడవడమంటే ఏమిటో కనకానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పదో ఏట తండ్రి జ్వరంతో పోయాడు. పదోరోజున పెద్దవాళ్ళు అమ్మ నుదురు తుడుస్తుంటే తలుపు చాటు నుంచి చూసింది. అందుకే పొద్దున గున్నమ్మ అడ్డం చెప్పకముందు కూడా ఏ బండి బొట్టు మీదా ఆమె చెయ్యి పడలేదు.

కానీ ఇప్పుడు ఇంతమందిలో గుడ్డ చేతిలో ఉంది. ఇదీ శుభ్రంగానే ఉంటుంది, అప్పుడు మేష్టారు ఏమంటారో వింటాను అనుకుంది. గున్నమ్మతో "తప్పనుకోకండి" అని, ఎడమ చెయ్యి తుడిచింది. మచ్చ లేదు. మేష్టారి వైపు ఓసారి చూసి, కుడి చెయ్యి తుడిచింది.

పసుపు పోయింది. కుంకుమ పోయింది. సన్నగా ఒక ఎర్ర గీత మిగిలింది.

మళ్ళీ తుడిచింది. గీత పోలేదు. గుడ్డకి కిరసనాయిలు పోసి గట్టిగా రుద్దింది. ఎరుపు తగ్గింది గానీ గీత అక్కడే ఉంది. గోరు పెట్టి లాగింది. గోరు గీతలో దిగి ఆగింది.

ఇనుము పగిలితే ఎర్రగా తుప్పు కారుతుందని మేష్టారు మొదటి రోజే చెప్పారు. పొద్దున్నించీ ఆమె కళ్ళ ముందున్న ఎరుపంతా కుంకుమే అనుకుంది.

"పగులు" అంది కనకం. "బెత్తెడు ఉంది."

కలాసీల నవ్వులు ఆగిపోయాయి. ఎర్నాయుడు వంగి చూశాడు. "పొద్దున్నే గదమ్మా వెయ్యి కేజీలెత్తింది!"

"నిన్న కూడా ఎత్తింది" అన్నారు సన్యాసిరావు గారు.

వరహాలు గారు గొంతు సవరించుకున్నారు. "సిలిండర్ల లోడు ఎదురుచూస్తోంది మేష్టారూ. ఈ ఒక్క ట్రిప్పూ వెళ్ళొచ్చాక వెల్డింగు పెట్టించేస్తాను. ఏటంటారు?"

"నా సంతకం చెల్లదు బాబూ. ఆవిణ్ణి అడగండి."

నాలుగేళ్ళలో ఆయన కనకాన్ని పిల్లా అన్నారు, అమ్మా అన్నారు. ఆవిడ అనడం ఇదే మొదలు. కనకం గుడ్డ మడిచి వరహాలు గారి వైపు తిరిగింది.

"ఈ బండి కదలదండీ."

వరహాలు గారు ఆమె మొహం చూశారు. ఎర్నాయుడి చేతిలోంచి తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నారు.

కనకం బల్ల దగ్గరికి వెళ్ళి తొమ్మిదో కాగితం బయటికి లాగింది. పొద్దున రాసిన 'బావుంది' కొట్టేసి 'పనికిరాదు' అని రాసి, దాని కింద తొలి సంతకం పెట్టింది. వాళ్ళమ్మకి ఎలా చెప్పాలో ఒక్క క్షణం తెలియలేదు. తర్వాత ఉన్నదున్నట్టే చెప్పాలనిపించింది. ఆ సంతకం చూసుకుని గర్వంగానే ఉంది ఆమెకి.

మిగిలిన రెండు బళ్ళకీ తనే చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, తుడిచి చూసింది. రెండూ బావున్నాయి. మిగతా పది కాగితాల మీదా సంతకాలు పెట్టి మేష్టారి దగ్గరికి వచ్చింది. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చుని కొత్త టీ తాగుతున్నారు. గున్నమ్మ కుంకుమ భరిణె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఒక మాట అడగనాండీ?" అంది కనకం. "ఆ ఒక్కటి కూడా బావుండి ఉంటే? పదకొండు బళ్ళ బొట్లూ ఊరికే తుడిచేసినట్టే కదండీ."

"ఇనుముకి మళ్ళీ పెట్టుకోవచ్చమ్మా" అన్నారు సన్యాసిరావు గారు.

గున్నమ్మ చెయ్యి తన నుదుటి మీదికి వెళ్ళింది.