మోకాలెత్తు మెట్లు

నాగిలుడికి ముద్ద దిగక పది రోజులైంది.

ఓడ దిగి వచ్చినప్పటి నుంచీ అంతే. మూడేళ్ళు మూడు దేశాలు తిరిగి, అక్కడి బౌద్ధ ఆరామాల్లోని గ్రంథాలు తాటాకుల మీద ఎత్తి రాసుకుని వచ్చాడు. వచ్చినవాడు గ్రంథాల ఊసెత్తడు. పొద్దున లేస్తే మనుషుల్ని లెక్కపెట్టడమే పని. బావి దగ్గర ఎందరు, వంటశాలలో ఎందరు, గోడకి చేరగిలబడి కూర్చున్నవాళ్ళు ఎందరు. తోటి భిక్షువులు మొదట నవ్వుకున్నారు. అతని మొహం చూశాక నవ్వడం మానేశారు.

సముద్రం ఒడ్డున, కొండ మీద ఉన్న ఆరామం అది. అక్కడ పెద్ద భిక్షువు భద్రసేన స్వామి. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి, మాట పొదుపు. శిష్యులు ఆయన్ని భంతే అని పిలుస్తారు.

పదకొండో రోజు ఆయనే నాగిలుణ్ణి పిలిచి కూర్చోబెట్టారు.

"ఏం చూసొచ్చావు?"

"మొదటి దేశంలో పదిమందిని చూస్తే అయిదుగురు పసివాళ్ళే, భంతే. కుండ పొయ్యి మీంచి దించకముందే ఖాళీ. రెండో దేశంలో పదిమందికి ఏడుగురు నా ఈడువాళ్ళు. కాలవలు తవ్వుతున్నారు, గోడలు లేపుతున్నారు, అచ్చం మనలాగే. మూడో దేశంలో..."

ఆగిపోయాడు. మళ్ళీ అందుకున్నాడు.

"అదీ కొండ మీది ఆరామమే. ఒక ముసలి భిక్షువుని డోలీలో మోసుకుంటూ ఎక్కుతున్నారు. మోసే ఇద్దరికీ డెబ్భై దాటాయి. ఇరవై మెట్లెక్కి డోలీ దించారు. లోపలాయన దిగి బొంగు భుజానికెత్తుకున్నాడు. మోసినవాళ్ళలో ఒకాయన ఎక్కి కూర్చున్నాడు. అలా వంతులు. పడుచువాడు ఒక్కడు కనబడలేదు. నేను భుజం పట్టాను. నెల్లాళ్ళు పట్టాను. ఉండిపో నాయనా అన్నారు. ఓడ వెళ్ళిపోతుందని వచ్చేశాను."

"ఆ మెట్లు ఎంత ఎత్తు?" అన్నారు స్వామి.

ఇదేం ప్రశ్న అనిపించింది నాగిలుడికి. "మోకాలెత్తు. మన మెట్లలాగే" అన్నాడు. ఆ మాట అలా వదిలేసి, లోపల పది రోజులుగా కుమిలిపోతున్నదంతా బయటపెట్టాడు. "ఇక్కడ అరవైమందిమి ఉన్నాం. నలభై నలుగురికి ముప్పై లోపే. అందరం ఒక్కసారే ముసలివాళ్ళమవుతాం. ఈ మూడేళ్ళలో కొత్తగా చేరింది ఇద్దరే. ఇద్దరు నలభై నలుగురిని ఎలా మోస్తారు భంతే? నేను చూసినవి మూడు దేశాలు కావేమో, ఒకే దేశం మూడు ఈడుల్లో కనబడిందేమోనని నా భయం. రాత్రి కళ్ళు మూస్తే డోలీయే కనబడుతోంది. అందులో ఉన్నది నేనే."

"అయితే ఏం చేద్దామంటావు?"

నాగిలుడు తల దించుకున్నాడు. "చేసేశాను."

మొన్న విశాఖుడని ఒక ముసలి భిక్షువు కొండ కిందికి వచ్చాడు. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. వానలు మొదలైతే భిక్షువులు ఊళ్ళు తిరగరు, నాలుగు నెలలూ ఎక్కడో ఒకచోట ఉండిపోతారు. ఆయన ఇక్కడ ఉందామని వచ్చాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు గది చూపించడం నాగిలుడి పని. పైన చోటు లేదని చెప్పాడు.

"చోటు లేదా?" అన్నారు స్వామి.

"ఉంది. కానీ దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా భంతే. ఇప్పట్నించే ముసలివాళ్ళని చేర్చుకుంటూ పోతే..."

మంచివాడే పాపం నాగిలుడు. నెల్లాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళని మోసినవాడే. భయం మనిషి చేత ఎలాంటి పనులు చేయిస్తుందో చూడండి.

స్వామి తిట్టలేదు. నాలుగు వెదురు బద్దలు, ఒక పాత గుడ్డ తీసుకుని, "కిందికి పోదాం రా" అన్నారు.

రెండువందల మెట్లు. నాగిలుడు ముందు దిగేశాడు. స్వామి ఒక్కో మెట్టు మీదా కూర్చుని, కాళ్ళు జార్చి దిగుతూ వచ్చారు. ఎప్పుడూ డోలీలో దిగే మనిషి. ఆయన నడిచి దిగడం నాగిలుడు అంతకుముందు చూడలేదు.

కొండ కింద కాపలా గుడిసెలో విశాఖుడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నాగిలుణ్ణి చూసి, "చోటు లేకపోతే నువ్వేం చేస్తావులే నాయనా. వానలు రావడానికి ఇంకా వారం ఉంది, మెల్లిగా ఇంకో ఊరు చూసుకుంటా" అన్నాడు. నాగిలుడికి ఎక్కడ చూడాలో తెలియలేదు.

స్వామి శిష్యుణ్ణి మొదటి మెట్టు మీద కూర్చోబెట్టారు. ఒక్కో మోకాలికి రెండేసి బద్దలు పెట్టి, గుడ్డ పీలికలతో గట్టిగా కట్టారు.

"పైకెక్కి నా భిక్షాపాత్ర తీసుకురా."

నాగిలుడు లేచాడు. మోకాలు వంగదు. కాలు ఎత్తి పెడదామంటే మెట్టు అందదు. రెండు చేతులూ పైమెట్టు మీద ఆనించి, ఒళ్ళంతా ఈడ్చుకుంటూ ఎక్కాడు. నాలుగో మెట్టుకి చెమటలు కారాయి. ఆరో మెట్టు మీద అరచేయి చీరుకుపోయింది. పైనుంచి ఇద్దరు పడుచు భిక్షువులు ఖాళీ కడవలతో గంతులేస్తూ దిగుతున్నారు. "ఏమిటన్నా, కొత్త వ్రతమా?" అని పక్కనుంచి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేం లేదు. మూడేళ్ళ కిందటైతే తానూ అలాగే వెళ్ళిపోయేవాడు.

తొమ్మిదో మెట్టు మీద కూలబడ్డాడు. పైన ఇంకా నూట తొంభై ఒకటి. పది రోజులుగా రాత్రుళ్ళు కనబడుతున్నది ఇప్పుడు పట్టపగలు ఒంటి మీదికి వచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

"నాయనా, ఎదురుగా ఎక్కకు" అని కిందనుంచి విశాఖుడు పిలిచాడు. "పక్కకి తిరుగు. చెయ్యి కొండకి ఆనించు. ముందు కుడికాలు, దాని పక్కకే ఎడమకాలు. తొందరపడకు."

అలా తిరిగాక ఇంకో మూడు మెట్లు ఎక్కగలిగాడు. అంతే, ఆపైన ఎక్కలేకపోయాడు. స్వామి వచ్చి కట్లు విప్పారు.

నాగిలుడు దిగి వెళ్ళి విశాఖుడి ముందు నేల మీద కూర్చున్నాడు. "పైన చోటుంది. అబద్ధం చెప్పాను" అన్నాడు.

"తెలుసు" అన్నాడు విశాఖుడు. "చెప్పేటప్పుడు నీ గొంతు వణికింది."

"ఇప్పుడే నలుగురిని పిలుస్తాను. డోలీలో తీసుకెళ్తాం."

"వద్దు" అన్నారు స్వామి. విశాఖుడి వైపు తిరిగి, "మీరు నాకొక పని చేసిపెట్టాలి. మెట్టు ఎంత ఎత్తుంటే ఎక్కగలరు?" అని అడిగారు.

విశాఖుడు కాస్త ఆలోచించి, నేల మీద జాన నిలబెట్టి చూపించాడు. "ఇంత. ఒక వేలు ఎక్కువైనా కష్టం."

మర్నాడే పని మొదలైంది. ప్రతి మెట్టు మీదా సగం మేర, జానెడు ఎత్తు బండ పేర్చాలి. రెండువందల మెట్లు నాలుగువందలవుతాయి. పడుచువాళ్ళు సణిగారు. మనకి ఇవెందుకు, రెండేసి మెట్లు దూకేవాళ్ళం అన్నారు. నాగిలుడు ముందుగా వెళ్ళి బండ ఎత్తాడు.

కాపలా గుడిసెకి కొత్త కప్పు వేశారు. రోజూ సాయంత్రం విశాఖుడు వచ్చి ఆ రోజు పేర్చిన మెట్లన్నీ ఎక్కి చూసేవాడు. "ఇది ఎత్తయింది నాయనా" అంటే తీసి మళ్ళీ పెట్టేవారు. పడుచుకాళ్ళకి ఆ తేడా తెలిసేది కాదు. వానలు వచ్చాయి. తెరిపి ఇచ్చినప్పుడల్లా పని సాగింది. విశాఖుడు రోజుకి పది మెట్లు పైకి జరుగుతూ వచ్చాడు. సగం కొండ దగ్గర తాటాకు పందిరి వేస్తే అక్కడే పడుకునేవాడు. నెలన్నరకి, ఆఖరి బండ పెట్టిన రోజున, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆరామంలో అడుగుపెట్టాడు.

మూడేళ్ళుగా గడప దాటని ముసలి భిక్షువు ఒకాయన పైనుంచి కిందికి దిగి, సముద్రంలో కాళ్ళు తడుపుకుని వచ్చాడు. భిక్షువులకు రాత్రి భోజనం ఉండదు కాబట్టి సరిపోయింది గానీ, ఆ రోజు వంటశాలలో పండగ చేసి ఉండేవారు.

నాగిలుడి భయం పోయిందని చెప్పను. లెక్క మారలేదు. నలభై నలుగురు నలభై నలుగురే, కొత్తవాళ్ళు ఇద్దరే. కానీ ముద్ద దిగుతోంది.

ఆ సాయంత్రం పై మెట్టు మీద గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చున్నారు. నాగిలుడికి పాత ప్రశ్న గుర్తొచ్చింది.

"ఆ రోజు నేను డోలీ సంగతి చెబితే, మీరు మెట్ల ఎత్తు అడిగారు. ఎందుకు భంతే?"

స్వామి సముద్రం వైపు చూస్తూ చెప్పారు.

"అప్పుడు నాకు పాతికేళ్ళు. గ్రంథాల కోసమే నువ్వు చెప్పిన ఆ మూడో దేశం వెళ్ళాను. ఆరామం నిండా పడుచువాళ్ళమే. డోలీ మొయ్యడానికి నువ్వా నేనా అని కొట్లాడుకునేవాళ్ళం. కొండకి మెట్లు కొట్టింది మేమే. జానెడు చాలునని ఒక ముసలాయన చెప్పాడు. మోకాలెత్తు కొడదాం, సగం రోజుల్లో అయిపోతుందని అన్నది నేను. అందరూ నవ్వారు. ఆయన మాట ఎవరూ వినలేదు. పని అయ్యాక ఓడెక్కి వచ్చేశాను. నువ్వు చెప్పేదాకా ఆ మెట్లు మళ్ళీ గుర్తు రాలేదు."

వంతులేసుకుని డోలీ మోసిన ఆ ముగ్గురు ముసలివాళ్ళ మొహాలూ ఒకటొకటిగా నాగిలుడి కళ్ళ ముందుకొచ్చాయి. వాళ్ళెవరో ఇప్పుడు తెలిసింది, ఆనాడు స్వామితో కలిసి నవ్విన పడుచువాళ్ళే.

స్వామి అరచేతులు మోకాళ్ళ మీద వేసుకుని, మెల్లిగా లేచారు.

"వానలు వెలిశాక రేవుకి వెళ్ళి ఓడలో ఇద్దరికి చోటు అడుగు. బండలు నువ్వు మొయ్యి. కొలతకి నా మోకాళ్ళున్నాయి."