ఏదుపంది చేతి వైద్యం

కొండవాగు మలుపు తిరిగేచోట, చాపలా పరుచుకున్న నల్లరాతి మీద అడవి జంతువుల వైద్యశాల ఉండేది. ముల్లు దిగిన లేడి, కడుపుబ్బిన అడవిదున్న, కొమ్మ జారి చెయ్యి విరగ్గొట్టుకున్న కోతి, ఎవరికేమొచ్చినా అక్కడికే వచ్చేవారు. వైద్యం చేసేదీ, నేర్పేదీ ఎలుగుబంటి నల్లవ్వ. వాసన చూసి జ్వరం సంగతి చెప్పేది, తడిమి చూసి ఎముక సంగతి చెప్పేది. వయసు మీద పడి కళ్ళు మసకబారాక శిష్యుల వ్యవహారమంతా నక్క పరాంకుశానికి వదిలేసింది. ఎవరు పాఠం ఒప్పజెప్పాలి, ఎవరు రోగి పక్కన కూర్చోవాలి, ఎవరు వేర్లు దంచాలి, అంతా అతని మాట మీదే నడిచేది.

వానలు మొదలైతే శిష్యులు బిలబిలా వచ్చి చేరేవారు. ఎండలు ముదిరేసరికి సగం మంది కనిపించేవారు కాదు.

"ఏం చేస్తామవ్వా, ఈ విద్య అందరికీ అబ్బదు. పుట్టుకతో రావాలి" అనేవాడు పరాంకుశం.

నల్లవ్వ ఆ మాట నమ్మేది. వెళ్ళిపోయినవాళ్ళు కూడా నమ్మేవారు, అదీ విడ్డూరం.

ఆ ఏడు ఏదుపంది మంగి వచ్చి రాతి ముందు నిలబడింది. పరాంకుశం ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"దారి తప్పి వచ్చినట్టున్నావు. దుంపలు తవ్వుకునే చోటు అవతల గట్టున ఉంది."

"వైద్యం నేర్చుకుందామని వచ్చానండీ."

"ఒంటినిండా ముళ్ళు పెట్టుకునా? రోగి నిన్ను చూసి మంచం దిగి పారిపోతాడు."

"మా బొరియల్లోకి ఏ వైద్యుడూ రాడండీ, ఈ ముళ్ళకే భయపడి. మా చెల్లికి కాలికి పుండు పడితే ఎంతమందిని పిలిచామో. గుమ్మం దాకా వచ్చి, ఆకు విసిరేసి వెళ్ళారు. అది పోయింది. అందుకని మాలోనే ఒకరు నేర్చుకోవాలనుకున్నాను" అంది మంగి.

రాతి అవతలి నుంచి నల్లవ్వ గొంతు వినిపించింది. "ఎవరైతే ఏంరా, రానీ."

అవ్వ రానివ్వమంది గనక పరాంకుశం రానిచ్చాడు. రానిచ్చి రోటి దగ్గర కూర్చోబెట్టాడు. మంగి పొద్దున్నుంచీ పొద్దుగూకేదాకా వేర్లు దంచేది. అవతల రోగి మూలుగుతుంటే, పరాంకుశం మేనల్లుడు వరదయ్య ముందు వరసలో కూర్చుని పాఠాలు గడగడా అప్పజెప్పేవాడు. అతని వెనక తోడేళ్ళ పిల్లలు, దుమ్ములగొండి కొడుకు ఉండేవారు. పేరున్న ఇళ్ళవాళ్ళకే ఆ వరస. మంగికీ, కుందేలు పోలమ్మకీ రోలే గతి. పోలమ్మ కొండ అవతలి నుంచి రావాలి. పసికూనలకు పాలిచ్చి, నిద్రపుచ్చి, గుంటనక్కల కంట పడకుండా చుట్టుతిరిగి వచ్చేసరికి సగం పాఠం అయిపోయేది.

"పిల్లల తల్లివి, ఇంటిపట్టున ఉండరాదా?" అనేవాడు పరాంకుశం. పోలమ్మ చెవులు వాల్చేసుకునేది.

మొదటి పరీక్షనాడు మంగిని అందరి ముందూ రాతి మధ్యలో నిలబెట్టాడు.

"విషజ్వరం లక్షణాలు చెప్పు. ఊఁ, తొందరగా. అందరూ నీకోసమే కూర్చున్నారు."

మంగికి ఆ లక్షణాలు తెలుసు. కానీ అన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడేసరికి వీపు మీది ముళ్ళన్నీ గలగలమంటూ నిక్కబొడుచుకున్నాయి. ముందు వరస మొత్తం హాహాకారాలతో వెనక్కి పడింది. ఎవరో నవ్వారు. నోట మాట రాలేదు ఆమెకు.

"చూశారుగా. ఇక ఇంటికి వెళ్ళు తల్లీ. ఇందులో నీ తప్పేం లేదు. నీ పుట్టుకే అంత" అన్నాడు పరాంకుశం, ఎంతో జాలిగా.

ఆ జాలి దెబ్బకు మంగి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనుదిరగబోయి ఆగింది. పుట్టుక అన్న మాట చెల్లి పోయిన రోజు కూడా విన్నది. గుమ్మం దగ్గర నిలబడ్డ వైద్యుడు కూడా అచ్చం ఇంత జాలిగానే అన్నాడు.

"నేను వెళ్ళను" అంది.

"ఏమన్నావు?"

"వెళ్ళనన్నానండీ. అవ్వ పొమ్మంటే పోతాను. మీరంటే పోను."

అని తిన్నగా వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. ముళ్ళు ఇంకా దిగలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. మంగి దంచడం మానలేదు గానీ, ఆ రోజు నుంచి పాఠం వేళ ఆమె చోటు మాత్రం అదే.

కానీ వినడం వేరు, చేయడం వేరు. రోగిని ముట్టనివ్వకపోతే చెయ్యెలా తిరుగుతుంది? మంగి వెతుక్కుంది. వాగు దిగువన బురదగుంటలో అడవిపందులు పొర్లేవి. కొట్లాటల్లో చీరుకున్న గాయాలతో ఉండేవి. వాటిని వైద్యశాలలో ఎవరూ లెక్కచేసేవారు కాదు గనక అవీ అక్కడికి వచ్చేవి కావు. మంగి పోలమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది.

"గాయం చూడనిస్తావా మామా?" అని ముసలి పందిని అడిగింది.

"నీ ముళ్ళు చూస్తే నాకే భయమేస్తోందే."

"ముళ్ళు వెనక్కి ఉంటాయి, చేతులు ముందుకు ఉంటాయి. చేతుల్ని చూడు."

ముసలిపంది ఆమె చేతులు చూసి భుజం చూపించింది.

అలా మొదలైంది. పోలమ్మకు తప్పిపోయిన పాఠం మంగి చెప్పేది. చెబుతుంటే తనకే సరిగా అర్థంకాని చోట్లు బయటపడేవి. పోలమ్మ వేళ్ళు సన్నం గనక లోతు గాయాల్లో ఇరుక్కున్న పుల్లలు తీసేది. మంగికి అది చేతకాక, ఆమె దగ్గర నేర్చుకుంది. ఒకసారి మంగి తొందరపడి పచ్చిగాయం మీద జిల్లేడుపాలు వేసింది. తెల్లారేసరికి ముసలిపంది భుజం కుండలా వాచింది. మంగి పరుగున నల్లవ్వ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది.

నల్లవ్వ తిట్టలేదు. "జిల్లేడు చర్మం పైకే గానీ, కోసుకుపోయిన కండకు కాదే పిచ్చిదానా. కడిగి గడ్డిచామంతి నూరి పెట్టు. రేపు మళ్ళీ వచ్చి ఎలా ఉందో చెప్పు" అంది. తరువాత, "పందులకు వైద్యం ఎవరు చేయమన్నారు నిన్ను?" అని అడిగింది.

"ఇక్కడ ఎవరూ చేయనివ్వలేదవ్వా."

నల్లవ్వ మసక కళ్ళతో చాలాసేపు వాగు వైపు చూసింది. మర్నాడు మంగి కోసం ఎదురుచూసింది, ఆ తరువాత కూడా.

సంగతి పరాంకుశం చెవిన పడింది. "ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడం ఇకనుంచి చెల్లదు" అని చాటించాడు. "ఎవరి తెలివి వారిదే. తెలివి పంచుకునేవాళ్ళను పంపించేస్తాను."

పోలమ్మ మంగిని పక్కకు లాగింది. "ఇక మానేద్దాం మంగక్కా. నన్ను పంపించేస్తే నా గతేంటి?"

"మానేస్తే నిన్ను ఉంచుతాడా?" అని అడిగింది మంగి. సాయంత్రం ఇద్దరూ బురదగుంట దగ్గరే కలిశారు. ఈసారి వెనక నుంచి తోడేలు పిల్ల ఒకతె కూడా వచ్చింది, తనకు కట్టుకట్టడం రాదని, చూపించమని.

చివరి పరీక్షనాడు అడవి అడవంతా వచ్చి వాగు ఒడ్డున కూర్చుంది. నల్లవ్వ రాతి మీద ఆనుకుని ఉంది. పరాంకుశం మేనల్లుణ్ణి పిలిచి విషజ్వరం గురించి అడిగాడు. వరదయ్య తడుముకోకుండా చెప్పాడు. వాతం గురించి, పాముకాటు గురించి అడిగినా అలాగే చెప్పాడు.

"ఈ ఏటి శిష్యుల్లో వరదయ్యే మొదటివాడు. ఇంతటి వైద్యుణ్ణి నేను చూడలేదు" అన్నాడు పరాంకుశం. అందరూ మెచ్చుకున్నారు.

తరువాత మంగిని పిలిచాడు. కుంటుతున్న కణుజు దుప్పినొకదాన్ని దూరంగా నిలబెట్టి, "ఏం రోగమో చెప్పు. దగ్గరికి పోవద్దు. నీ ముళ్ళు చూస్తే దానికి గుండె ఆగుతుంది" అన్నాడు.

మంగి ముళ్ళు గలగలమని లేచాయి. ఈసారి ఆమె వాటి గురించి పట్టించుకోలేదు. లేచే ఉండనిచ్చింది.

"తాకకుండా చెప్పనండీ."

"చెప్పలేనని అను."

"చెప్పను. గిట్టలో ముల్లుందో, కీలు జారిందో, ఎముకే చిట్లిందో పట్టుకుని చూస్తే గానీ తెలియదు. చూడకుండా చెప్పేది ఊహ. దాని కాలితో నేను పందెం కాయను."

"అయితే తప్పావు."

"సరే, తప్పాను" అంది మంగి. అని నల్లవ్వ వైపు తిరిగింది. "అవ్వా, ఒక్క మనవి. పరాంకుశం గారు కొన్నాళ్ళుగా కుడివైపే నములుతున్నారు. వాగులో చల్లటి నీళ్ళు తాగేటప్పుడు ఎడమకన్ను మూసుకుంటున్నారు. నన్ను తిట్టడానికి వంగినప్పుడల్లా నోటి నుంచి చీము వాసన వస్తోంది. ఈ పూట దవడ కూడా వాచింది. పక్కనే మొదటి వైద్యుడు ఉన్నాడు కదా, చూపించుకోమనండి."

పరాంకుశం గతుక్కుమన్నాడు. "ఏం లేదు, ఏదో చిన్న..."

"ఇలా రా" అంది నల్లవ్వ. పెద్ద అరచెయ్యి అతని దవడ మీద ఆనించింది. పరాంకుశం కుయ్యిమన్నాడు. "పన్ను కింద చీముపట్టిందిరా. ఇవాళే తీయాలి, లేకపోతే మెడలోకి దిగుతుంది. వరదయ్యా, తుమ్మముల్లు కాచి తెచ్చుకో. మీ మామ నోరు తెరుస్తాడు."

వరదయ్య ముల్లు పట్టుకొచ్చాడు. మామ నోట్లోకి తొంగిచూసి, వాపు ఏ పక్కన మొదలైందో తెలియక, కుడివైపు ముల్లు పెట్టబోయాడు.

పరాంకుశం ఎగిరి వెనక్కి గెంతాడు. "వద్దు. వీడు వద్దు."

వాగు ఒడ్డున అందరూ మెడలు చాచి చూశారు.

"అదేమిటండీ, ఇంతటి వైద్యుణ్ణి చూడలేదని ఇప్పుడే కదా అన్నారు?" అని పోలమ్మ అడిగింది. మొదటిసారి ఆమె చెవులు నిటారుగా ఉన్నాయి.

పరాంకుశం నోరు తెరిచి మూశాడు. నొప్పికి మళ్ళీ తెరిచాడు. "వీడెప్పుడూ... ఒక్క రోగిని కూడా..." అని మింగేశాడు.

మిగతాది వరదయ్యే చెప్పాడు, తల వంచుకుని. "నేనెవర్నీ ముట్టలేదవ్వా. ప్రశ్నలు మామ ముందే చెప్పేవాడు. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నన్నూ ఎవరూ నేర్చుకోనివ్వలేదు."

"మరి ఎవరు చేయాలిరా నీకు?" అని నల్లవ్వ పరాంకుశాన్ని అడిగింది.

అతని దవడ పోటు పొడిచింది. చివరికి నేల చూస్తూ, "ఏదుపందిని రమ్మనండి" అన్నాడు.

మంగికి నోటి దాకా ఒక మాట వచ్చింది. ముందు తన పుట్టుక గురించి అడగాలని, అందరి ముందూ అతనిచేత సమాధానం చెప్పించాలని. కానీ ఎదురుగా ఉన్నది నొప్పితో మూలుగుతున్న నోరు. చెల్లి కాలికి ఆకు విసిరినవాడు కూడా ముందు ఏదో మాట్లాడే వెళ్ళిపోయాడు. మంగి చేతులు కడుక్కుంది. ముళ్ళు నిక్కబొడుచుకునే ఉన్నాయి, వేళ్ళు మాత్రం నిలకడగా ఉన్నాయి. ఎడమవైపు వాపు మెత్తగా ఉన్న చోటు చూసి ముల్లు దించింది. చీము కారిపోయింది. పోలమ్మ ఉప్పునీళ్ళు అందించింది. తుమ్మబెరడు కషాయంతో పుక్కిలించమని చెప్పి, వరదయ్యను పక్కకు పిలిచి గాయం చూపించింది. "కళ్ళు తిరిగితే కూర్చుని చూడు. రోజూ చూస్తే తిరగవు."

తరువాత కణుజు దగ్గరికి నడిచింది. అది బెదరలేదు. గిట్టలో విరిగిన ముల్లుంది.

నల్లవ్వ ఆ సాయంత్రమే చెప్పేసింది. ఇకమీద వేర్లు దంచని శిష్యుడూ ఉండడు, రోగిని ముట్టని శిష్యుడూ ఉండడు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు పాఠం మళ్ళీ చెప్పాలి. ఒకరికొకరు చెప్పుకుంటే ఇంకా మంచిది. పరీక్ష పెట్టే పని పరాంకుశానికి లేదు. "ఇన్నేళ్ళూ వెళ్ళిపోయినవాళ్ళను నేను చూడలేదు. నా కళ్ళు మసకబారకముందు కూడా చూడలేదు" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

పరాంకుశం దవడకు గుడ్డ కట్టుకుని రోటి దగ్గర కూర్చున్నాడు. ఎంత దంచినా వేరు మెత్తగా కావడం లేదు. అటుగా పోతున్న ముసలిపంది ఆగి, "పుట్టుకతో రావాలేమో అయ్యగారూ" అంది.

మంగి అప్పటికే వాగు దాటింది. అవతల గట్టున ఏదుపందుల బొరియల ముందు ఎవరో కాలు ఈడ్చుకుంటూ ఆమె కోసం కాచుకుని ఉన్నారు.

నీతి: చేతికి పని ఇవ్వకుండానే చేతకానిదని తేల్చేవాడు, నొప్పి తన దాకా వస్తే తన తీర్పును తానే నమ్మడు.