మూత మీద ఫక్కీరమ్మ

ఇది చిన్న కథ. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపు అయిపోతుంది. కుళ్ళాయప్ప మూడేళ్ళు ఫక్కీరమ్మ దగ్గర రంగుల పని నేర్చుకున్నాడు. నీలి బానకు తోడు పొయ్యమని అడిగాడు. ఆమె పొయ్యలేదు. కథ ఇంతే.

అయితే తోడు అంటే ఏమిటో, పొయ్యకపోతే ఒక మనిషి ఎందుకంత కుమిలిపోవాలో చెప్పకుంటే పక్క ఊళ్ళవాళ్ళు కుళ్ళాయప్పను పిచ్చివాడనుకుంటారు. ఆ మాట అనే హక్కు సొంత ఊరికే ఉంది.

నల్లగుట్లపల్లెలో నీలి రంగు బానలో పుడుతుంది. నేలలో మెడదాకా పాతిన పెద్ద మట్టి బాన అది. నీలిమందు ముద్ద, సున్నపు తేట, ఉడికించిన తగిరిస గింజలు, ఇంత బెల్లం వేసి మూసిపెడితే కొన్నాళ్ళకు పులిసి వాసన కొడుతుంది. అప్పుడు బాన లేచింది అంటారు. లేచిన బానలో ముంచిన గుడ్డ ఆకుపచ్చగా పైకి వచ్చి, గాలి తగలగానే కళ్ళ ముందే నీలమవుతుంది. లేవని బానలో ముంచితే గుడ్డ తడుస్తుంది.

కొత్త బాన పెట్టుకునేవాడికి గురువు తన బానలోంచి కొంచెం పోస్తారు, పాలకు మజ్జిగ తోడు వేసినట్టు. అది పోస్తేనే వాడు రంగులవాడు. అంతవరకూ రంగుల దగ్గర పని చేసేవాడు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఊళ్ళో పెళ్ళిచూపులకు పోయి వచ్చిన ఎవరిని అడిగినా చెబుతారు.

ఫక్కీరమ్మది దూదేకుల ఇల్లు. ఆమె బాన అత్త చేతిది. డెబ్బై దాటినా ఊరి చివర దర్గా ఊడ్చి దీపం పెట్టేది ఆమే. కష్టం వచ్చినవాళ్ళు పోయి ఆమె దగ్గర కాసేపు కూర్చుని లేచిపోతారు. ఆమె పెద్దగా ఏమీ చెప్పదు. ఏమీ చెప్పకపోతే అంత పేరు ఎలా వస్తుందో, రోజంతా చెబుతూనే ఉండే రిటైర్డు హెడ్మాస్టరు చిన్నపరెడ్డికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

చిన్నపరెడ్డి మాట వచ్చింది కాబట్టి ఆయన పంచె సంగతి కూడా చెప్పుకోవాలి. నిరుడు పట్నం నుంచి ఒక మేడమ్ వచ్చి, అన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చని ఆడవాళ్ళకు వారం రోజులు నేర్పి పోయింది. కుంకుడుకాయ సబ్బు, మైనపు ఒత్తులు, కూరగాయల రంగులు. మూడు నెలలు ఊళ్ళో ఎవరూ సరిగా కూర వండలేదు. కుళ్ళాయప్ప పక్కింటి సుంకులమ్మ బెల్లం వేసి చేసిన సబ్బు ఎంత సహజమంటే ఒక్క పూటలో చీమలు మోసుకుపోయాయి. చిన్నపరెడ్డి తన పంచెకు బీట్‌రూట్ రంగు వేయించుకుని వియ్యంకుడి ఇంట పెళ్ళికి కట్టుకుపోయాడు. మే నెల. చెమటకు కుర్చీ గులాబీ అయింది, పక్క కుర్చీ గులాబీ అయింది, అందులో కూర్చున్న వియ్యంకుడు కొంతవరకు గులాబీ అయ్యాడు. పంచె మాత్రం తెల్లగా తిరిగొచ్చింది.

ఆ రంగు వేసింది కుళ్ళాయప్పే. ఏమయ్యా ఇది అని అడిగితే, "ప్రయోగం సార్" అన్నాడు.

కుళ్ళాయప్పకు ఇరవై ఆరేళ్ళు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాడు. ఫక్కీరమ్మ పిడికిట్లోంచి జారవిడిచే కరక్కాయ పొడిని కింద కాగితం పట్టి తూకం వేశాడు. ఆమె బానలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని "ఈరోజు అలిగింది" అంటే, వీడు పీహెచ్ కాగితం ముంచి అలక ఎంతో అంకె వేసి రాసుకున్నాడు. అలాంటి లాంగ్ నోటుబుక్కులు రెండు నిండాయి. ఎర్ర, పసుపు, నల్ల, అన్నీ వాడి చేతికి వచ్చాయి. వచ్చాయని వాడే చెప్పుకున్నా, అది నిజమే.

శివరాత్రప్పుడు మొదటిసారి తోడు అడిగాడు. "ఇస్తాలే నాయనా" అందామె. ఉగాది తరువాత అడిగితే "ఇప్పుడు కాదు" అంది. అప్పటికి నీలి గది తలుపుకు తాళం పడింది. అడిగినప్పుడల్లా పాత మేకులూ బెల్లమూ చేతికిచ్చి, నల్ల రంగుకు నానబెట్టమని చెప్పింది. మూడోసారి కూడా అదే మాట వచ్చేసరికి కుళ్ళాయప్ప ఆ ఇంటికి పోవడం మానేశాడు.

ఊరు దీన్ని ఊరికే వదల్లేదు. తోడు ఫక్కీరమ్మ చెల్లెలి మనవడికి పోతుందని మంగలి అంగట్లో తేల్చేశారు. తన చెవులతో విన్నానని సుంకులమ్మ ఒట్టు వేసింది. ఆ మనవడు కువైట్‌లో కారు తోలుతున్నాడు. నీలి బాన పెట్టి అక్కడ ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు.

టీ కొట్టు దగ్గర కుళ్ళాయప్పకు అక్క మొగుడు ఓబులేసు ఎదురయ్యాడు. ఓబులేసుకు సిమెంటు అంగడి ఉంది.

"ఏం బావమరిదీ, అవ్వ తోడు పోసిందా? పోనీ మజ్జిగన్నా పోసిందా?"

"ఆమె తోడు నాకక్కర్లేదు బావా. నా బాన నేనే లేపుకుంటా. ఈ ఏడు పీర్లకు కట్టేది నా నీలి దట్టీనే."

దట్టీ అంటే పీర్ల పండగకు పీర్లకు కట్టే గుడ్డ. నీలిది ఎప్పుడూ ఫక్కీరమ్మ బానలోంచే వస్తుంది. ఈసారి మాత్రం మోకాళ్ళ నొప్పులని, వేరేవాళ్ళ చేత వేయించుకోమని ఆమె పెద్దమనుషులకు చెప్పేసింది.

"నీ బాన లేవకపోతే?" అన్నాడు ఓబులేసు.

"నీ అంగట్లో మూటలు దించుతా."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు బతికినన్నాళ్ళు."

ఓబులేసుకు ముప్పై ఐదేళ్ళు. బీపీ లేదు, షుగరు లేదు. ఆ మాట విన్న మర్నాడే ఆస్పత్రికి పోయి రెండూ చూపించుకుని మరీ వచ్చాడు.

కుళ్ళాయప్ప పెరట్లో బాన పాతాడు. అన్నీ తూకం ప్రకారం వేశాడు. మూతకు పక్కనే స్టూలు వేసుకుని, గంటకొకసారి మూత తీసి వేడి చూశాడు, పీహెచ్ కాగితం ముంచాడు, అడుగుదాకా కలిపి రాసుకున్నాడు. పని మీద అంత శ్రద్ధ ఉన్నవాణ్ణి ఊరు అంతకుముందు చూడలేదు. పద్నాలుగు రోజులు గడిచాయి. బానలో నీలం బురద ఉంది. అది పద్నాలుగు రోజులూ నీలం బురదగానే ఉంది.

పండగ ఇంక పది రోజులుందనగా కుళ్ళాయప్ప నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఫక్కీరమ్మ ఇంటికి పోయాడు. ఆమె అరుగు మీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, నా బాన లేవలేదు."

"తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

"ఊరంతా తెలుసు. నాకు మాత్రం చెవులు లేవా?"

వాడు నోటుబుక్కు తెరిచాడు. "తోడు అడగను. దీంట్లో తప్పు యాడుందో చెప్పు, చాలు." అని సున్నం ఎంత, బెల్లం ఎంత, ఏ గంటకు ఎంత వేడి, అంతా చదివాడు. ఆమె ఒలుస్తూనే విన్నది. పదకొండు పేజీలు విన్నది. దర్గా దగ్గర కష్టాలు చెప్పుకునేవాళ్ళ మాట కూడా ఆమె అంతసేపు విని ఉండదు.

చదవడం అయ్యాక లేచి, చీర దులుపుకుంది.

"ఆ శనక్కాయల మూట ఎత్తుకో."

వాడి పెరట్లోకి వచ్చి ఆమె బానలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉమ్మేసింది. ఉసిరికాయంత బెల్లం వేసి, కర్రతో ఒక్కసారి, నిద్రపోయే బిడ్డ కింద గుడ్డ లాగినంత మెల్లగా తిప్పింది. మూత పెట్టింది. మూత మీద కూర్చుంది. కూర్చుని శనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

గంట గడిచింది.

"అవ్వా, కొంచెం లెయ్యి. పది గంటల వేడి రాసుకోవాల."

"రాసుకో."

"మూత తియ్యకుండా ఎట్ల రాసేది?"

"అట్లయితే రాయొద్దు."

పదకొండుకూ ఇదే జరిగింది. పన్నెండుకు వాడు అడగలేదు గానీ చేతిలో థర్మామీటరు పట్టుకుని ఆమె చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అది చూసి గోడ అవతలి నుంచి సుంకులమ్మ కేక వేసింది.

"ఏం ఫక్కీరవ్వా, గుడ్లు పొదుగుతాండావా?"

"నువ్వూ రా. నీ సబ్బు కూడా పొదుగుదాం."

సుంకులమ్మ తల గోడ కిందికి పోయింది. చిన్నపరెడ్డి మాత్రం లోపలికే వచ్చి, సూర్యరశ్మికీ పులియడానికీ ఉన్న సంబంధం గురించి అరగంట మాట్లాడాడు. ఆమె ఆయన ముందు కూడా చేటెడు శనక్కాయలు పోసింది. ఆయన పది కాయలు ఒలిచి, నడుము పట్టిందని వెళ్ళిపోయాడు.

పొద్దు గూకే వేళకు ఆమె లేచి, మెడలోని తస్బీ తీసి మూత మీద పెట్టింది.

"అది ఆడెందుకవ్వా?"

"మోకాళ్ళ నొప్పి నాయనా. అంత బరువు మోసుకుపోలేను."

ముప్పై మూడు పూసల జపమాల. తూకం వేస్తే రెండు తులాలు ఉండదు. కుళ్ళాయప్ప దాన్ని తూచలేదు. ముట్టుకోలేదు కూడా. తెల్లారి ఆమె వచ్చేదాకా మూత మీద అది అలాగే ఉంది.

రెండో రోజూ వచ్చింది. తస్బీ తీసి, బానను ఒక్కసారి తిప్పి, మూసి కూర్చుంది. మూడో రోజూ అంతే. చేసేదేమీ లేక కుళ్ళాయప్ప ఆమె ఎదురుగా కూర్చుని కాయలు ఒలిచాడు. మొదట గంటలు లెక్కపెట్టాడు. తరువాత కాయలు లెక్కపెట్టాడు. నాలుగో రోజు దేన్నీ లెక్కపెట్టలేదు. ఆ రోజే ఆమె వానల సంగతి, అత్త చేతి దెబ్బల సంగతి రెండు ముక్కలు మాట్లాడింది. వాడూ మాట్లాడాడు. తన అక్క నగలు కుదువ పెట్టి ఓబులేసు అంగడి తెరిచాడన్న సంగతి అప్పుడే బయటికి వచ్చింది. గోడ అవతల సుంకులమ్మ ఉన్నందువల్ల అది ఊరికీ తెలిసింది.

ఆరో రోజు పొద్దెక్కాక ఆమె ముక్కు పైకెత్తింది.

"చీర దాకా వచ్చింది వాసన. మూత తియ్యి."

"నేనా?"

"నీ బానే కదా."

మూత తీస్తే పైన రాగి రేకు పరిచినట్టు మెరుస్తోంది. పక్కకు జరిపి చూస్తే కింద పచ్చగా, తేటగా ఉంది. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఈసారి ఉమ్మలేదు.

అప్పటికి పెరట్లో పదిమంది పోగయ్యారు. ఓబులేసు ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుళ్ళాయప్ప తడిపిన తెల్ల దట్టీని బానలోకి దించి, లోపలే మెల్లగా పిసికి, పైకి తీసి విప్పాడు. లేత అరిటాకులా ఉంది. అంచుల నుంచి మొదలై, మడతల్లోకి పాకి, అందరూ చూస్తుండగానే గుడ్డంతా నీలమైంది.

"మూటలకు వేరే మనిషిని చూసుకోవాల," అని ఓబులేసు వెళ్ళిపోయాడు.

జనం పల్చబడ్డాక కుళ్ళాయప్ప దట్టీని తాడు మీద ఆరేసి వచ్చాడు. మోచేతుల దాకా నీలంగా ఉన్నాడు. గొంతు కూడా కొంచెం పెరిగింది.

"తోడు లేకుండానే లేచింది అవ్వా."

"లేచింది."

"బాగా లేచింది."

"బాగానే లేచింది."

"ఇప్పుడన్నా చెప్పు. నాకెందుకు పొయ్యలేదు?"

ఫక్కీరమ్మ ఒలిచిన గింజలు మూట కట్టుకుంది. పొట్టు ఒక మూలకు ఊడ్చింది.

"ఇంట్లో చెంబుంటే తీసుకురా."

దాహమేమోనని వాడు చెంబునిండా మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె ఆ నీళ్ళు చెట్టుకు పోసి, చెంబు వాడి చేతికే తిరిగి ఇచ్చింది.

"నీ బానలోంచి పొయ్యి."

"నీకెందుకవ్వా? అంత పాత బాన పెట్టుకుని..."

"అది ఉగాదికే చచ్చిపోయింది."

అత్త చేతి బాన. ఊళ్ళో ఎవరికీ గుర్తు లేనన్నాళ్ళ నుంచి ఉన్న బాన.

"ఎట్ల చచ్చిపోయింది?"

"నువ్వు తోడు అడిగితివి. నీకిచ్చేదానికి బాగుందో లేదో అని మూత తీసి చూసినా. బాగుండె." ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. "మర్నాడు మళ్ళీ చూసినా. ఆపైన గంటకొకసారి చూసినా."

కుళ్ళాయప్ప వంగి చెంబు నింపి, బానకు మూత వేసి, రెండు చేతులతో అందించాడు. ఫక్కీరమ్మ దాన్ని కొంగు కింద పెట్టుకుని, తొణక్కుండా ఇంటికి పోయింది.