ముందొచ్చినవాళ్ళు

ఆ రాజ్యంలో కోట గుమ్మం పక్కనున్న పలక మీద రాసిందే శాసనం. ఒక్క మాట తుడవాలన్నా మంత్రి ముద్ర పడాల్సిందే. వరద తగ్గినా మంత్రి ముద్ర వెయ్యకపోవడంతో ‘పడవ నడవదు’ అన్న మాట తుడవలేక, పలక రాసే ఎర్రమ్మ, రేవులో పడిగాపులు కాసే జనాన్ని చూసి కుమిలిపోయేది.

ఇంతలో మంత్రి విరూపాక్షయ్యకి జ్వరమొచ్చింది. ‘మంత్రిగారు ఇంట్లో ఉన్నారు, ఆయన పేరు చెప్పి ఎవరొచ్చినా లోపలికి పంపొద్దు’ అని రాయించాడు. జ్వరం తగ్గి కోటకి తిరిగొస్తే కాపలావాళ్ళు పలక చూపించి ఆపేశారు.

“ఎర్రమ్మా, తుడిచెయ్యవే!”

“ముద్ర లేకుండానా దొరా? తమరి ఆజ్ఞే కదా.”

“ముద్ర లోపలుందే!”

“అయితే వెళ్ళి తెచ్చుకోండి.”

కాపలావాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు. మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో మాడిన మంత్రి, “ఇకనుంచి ముద్ర అక్కర్లేదు, నువ్వే తుడువు తల్లీ!” అన్నాడు.

ఎర్రమ్మ గుడ్డ తడిపి పడవ మాట తుడవసాగింది.

“ముందు నాది!”

“వాళ్ళు మీకంటే ముందొచ్చారు దొరా.”