దాలమ్మ ఎక్కిందా?

వినగా వినగా మన దాకా వచ్చిన మాట ఇది. గాలిలోనూ దారులున్నాయని మనుషులింకా ఎరగని రోజుల్లో, సముద్రపుటొడ్డున గవ్వలపాడు అనే ఊరుండేది. ఆ ఊళ్ళో కల్లు గీసే సూరప్పడు, కల్లు అమ్మే దాలమ్మ అనే ఆలుమగలుండేవారు. పిల్లలు లేరు. ఆమెకు అతడు, అతడికి ఆమె.

ఆ ఊరికి విశ్వపతి శాస్త్రులనే పండితుడు వచ్చాడు. ఇనుపరజను మీద ఆమ్లం పోసి, గాలికన్నా తేలికైన గాలిని పుట్టించాడు. చదువుకున్నవారు దానిని ఉదజని అంటారు. నూనె పట్టించిన పట్టుగుడ్డతో ఇల్లంత బుడగ కుట్టించాడు. కింది మూతి గుండా ఆ గాలిని నింపి, మూతిని ఒంటిపేట తాడుతో కట్టాడు. బుట్టలో గుమ్మడికాయ పెట్టి వదిలాడు.

బుడగ పైకి పోయింది, పైకి పోయింది, కంటికి చుక్కంతయింది, టప్పుమంది. గుమ్మడికాయ ఉప్పుమడిలో పడి ముక్కలైంది.

"కట్టు చాలలేదు" అన్నాడు శాస్త్రులు.

రెండోసారి రెండుపేటల తాడు కట్టాడు. బుట్టలో తవుడు బస్తా పెట్టాడు. బుడగ పైకి పోయింది, పైకి పోయింది, కంటికి చుక్కంతయింది, టప్పుమంది. ఊరంతా తవుడు వాన కురిసింది.

"కట్టు చాలలేదు" అన్నాడు శాస్త్రులు.

మూడోసారి మూడుపేటల తాడు తెచ్చాడు. ఈసారి మనిషి ఎక్కాలి. "తాటిచెట్టెక్కేవాడికి ఆకాశమెంత!" అని ఊరంతా సూరప్పణ్ణి ముందుకు తోసింది. నిప్పురవ్వ తగిలితే ఆ గాలి భగ్గుమంటుందని చెప్పగానే, అతడు నోట్లోని చుట్టను దూరంగా ఇసుకలో పాతి వచ్చి బుట్టలో కూర్చున్నాడు.

అంతలో దాలమ్మ పరుగున వచ్చింది.

"ఆగు బాబూ! ఆ మూతి బిగించావంటే మా మావ కూడా గుమ్మడికాయే!"

"మూతి కట్టకపోతే గాలంతా పోదా అమ్మా?"

"తేలికైన గాలి పైకి తంతాది గానీ కిందికి ఒలికిపోతాదా? ఎక్కువైందే పోతాది. లొట్టిలో కల్లు పొంగుతాదనే మేం మూతి బిగించం."

"ఓలే దాలీ, పండితుడికే పాఠాలా?" అని బుట్టలోంచి నవ్వాడు సూరప్పడు.

"నువ్వు నోరు ముయ్యి మావా. నీ నోరు మూసినా పేలదులే."

ఆమె రెండు లొట్లు, అంటే కల్లు నింపిన కుండలు, తెచ్చింది. ఒక కుండ మూతిలో తాటిపీచు వదులుగా పెట్టింది. రెండోదానికి మూత పెట్టి, బంకమన్ను మెత్తి, శాస్త్రుల మూడుపేటల తాడుతోనే బిగించింది. రెండింటినీ ఎండలో ఉంచి, "దగ్గరగా కూర్చో బాబూ" అంది.

ఎండ ఎక్కింది. పొంగు ఎక్కింది. పీచు పెట్టిన లొట్టి కాస్త నురుగు కక్కి ఊరుకుంది. బిగించిన లొట్టి టప్పుమంది. శాస్త్రుల పట్టుబట్టలు కల్లులో తడిసి ముద్దయ్యాయి.

ఆయన ముఖం మీది కల్లు తుడుచుకున్నాడు. "పైన గాలి పలచన. అక్కడ లోపలి గాలి ఉబ్బుతుంది. ఉబ్బినదానికి నేనే దారి లేకుండా చేశాను" అన్నాడు. ఆపైన మెల్లగా అడిగాడు: "అమ్మా, ఒకవేళ నీ మాట తప్పయితే?"

"అందుకే నేనూ ఎక్కుతున్నాను" అంది దాలమ్మ.

మూతి వదులుగా ఉంచిన బుడగ పైకి పోయింది, పైకి పోయింది, కంటికి చుక్కంతయింది. ఊరంతా చెవులు మూసుకుంది. ఎంతకీ చప్పుడు రాలేదు. వేళ్ళు తీసి వింటే, ఆకాశంలోంచి దాలమ్మ నవ్వు వినబడింది.

బుడగ నడినెత్తిన శాస్త్రులు అమర్చిన చిన్న తలుపును తాడుతో లాగి, కొంచెం కొంచెంగా గాలి వదులుతూ, మెల్లగా, మెల్లగా, మెల్లగా ఆలుమగలిద్దరూ ఇసుకలో దిగారు. శాస్త్రులు చేతులు జోడించబోతే, "ముందు బట్టలు మార్చుకో బాబూ, నీ మీది కల్లు వాసనకి జనం నేనే తాగించాననుకుంటారు" అంది ఆమె.

దాలమ్మ నిండుగా బతికి, నిండుగా వెళ్ళిపోయింది. నేటికీ ఆ ఒడ్డున బుడగ ఎగరేసేటప్పుడు, తాళ్ళు పట్టుకున్నవారు తలలెత్తి, "దాలమ్మ ఎక్కిందా?" అని అడుగుతారు. బుట్టలోనివారు మూతికట్టు విప్పి, దారి తెరిచే ఉందని చెయ్యి పెట్టి చూసి, "ఎక్కింది!" అని కేకవేస్తారు. ఆ కేక వినబడేదాకా ఎవరూ తాడు వదలరు.